చదువని పత్రముపై చేవ్రాలు

రిజిస్ట్రారు కచేరీ ముంగిట చెట్టునీడన కూర్చుండి దస్తావేజులు వ్రాయు లేఖరి ఏ విక్రయపత్రమునైనను ముగించుటకు ముందు ఒక వాక్యము తప్పక చేర్చును. పత్రమందలి సంగతులన్నియు చదివి వినిపింపగా విని, సరియేనని ఒప్పుకొని, ఇష్టపూర్వకముగా చేసిన చేవ్రాలు ఇది అని ఆ వాక్యము సారాంశము. అమ్మువాడు అక్షరము రాని వృద్ధుడైనచో దానికి విలువ ఇంకను హెచ్చును. వ్రేలికి సిరా పూయుటకు ముందు సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు అతని చెవిని పడవలెను. తూర్పున ఎవరి పొలమున్నది, పడమట ఏ డొంక పోవుచున్నది అని లేఖరి చదువుచుండగా, "కాదు బాబూ, ఆ దక్షిణపు గట్టు మాది కాదు" అని వృద్ధుడు అడ్డుపడుటకు వ్యవధి ఉండవలెను. ఆ వ్యవధి లేక వేయించిన వ్రేలిముద్రను లోకము మోసమనియే పిలుచును. నిరక్షరాస్యులును, ఘోషాలోని స్త్రీలును వ్రాసి యిచ్చిన పత్రములు వివాదములోనికి వచ్చినపుడు, చదివి వినిపించి, అర్థమగునట్లు చెప్పితిరా అని న్యాయస్థానములు గట్టిగా నిలదీయును. చెప్పితిమని ఋజువు చేయు భారమును ఆ పత్రము వలన లాభము పొందు వానిపైననే ఉంచును.

ఒక ఎకరము పొలము చేతులు మారుటకు ఇంత జాగ్రత్త కలదు. కోట్లమంది పొలములను, కూలిని, పన్నులను, స్వేచ్ఛను ఒక్క మాటతో మార్చగల శాసనమునకు సభలో చేయెత్తు సభ్యుని మాత్రము, "నీవు దీనిని చదివితివా?" అని అడుగు లేఖరి లేడు.

ఈ ప్రశ్నను నేడు అనేక దేశములలో పౌరులే అడుగుచున్నారు. బిల్లును ముందు ప్రచురింపుడు, చదువుటకు వ్యవధి యిండు, చదువుడు, ఆ తరువాతనే ఓటు వేయుడు అని వారి కోరిక. పైకి ఇది కార్యాలయపు నియమమువలె కనబడును. కాగితములు ఎన్ని గంటలు ముందు పంచవలెనను లెక్కవలె తోచును. లోతున నున్నది ధర్మప్రశ్న. సభలో "అవును" అను మాట ఒక సాక్ష్యము. "ఇది నాకు తెలియును, ఇది మేలని నేను తలంచుచున్నాను" అని సభ్యుడు తన ప్రజల పక్షమున పలుకు సాక్ష్యము. చూడనిదానిని చూచితినని కోర్టులో చెప్పువానిని అబద్ధసాక్షి యందురు. అతడు చెప్పినది యాదృచ్ఛికముగా నిజమే అయినను అతని దోషము పోదు. చదువని బిల్లు మంచి చట్టమైనంత మాత్రమున, చదువక చేయెత్తిన చేతికి మచ్చ లేకపోవునా?

బ్రిటిషు పార్లమెంటు సంప్రదాయములో బిల్లు దాటవలసిన దశలకు "పఠనములు" అనియే పేరు. ప్రథమ పఠనము, ద్వితీయ పఠనము, తృతీయ పఠనము. ప్రతులు అందరికిని దొరకని కాలములో గుమాస్తా నిలిచి బిల్లును బిగ్గరగా చదివెడివాడు, సభ్యులు వినెడివారు. అనగా రిజిస్ట్రారు కచేరీలో వృద్ధుడు ఎట్లు వినునో అట్లే. అచ్చు వచ్చిన పిమ్మట, ప్రతి సభ్యుని చేతిలో ప్రతి యుండునను నమ్మకముతో, పైకి చదువుట క్రమముగా బిల్లు పేరును మాత్రము చదువుటగా కుంచించుకొనిపోయినది. ఆ సంప్రదాయమునే భారత పార్లమెంటును, రాష్ట్రముల శాసనసభలును స్వీకరించినవి. నేడును ఆ దశలకు పఠనములనియే వాడుక. పేరు నిలిచినది, పఠనము జారిపోయినది. నుడికిని నడతకును నడుమ పగులు ఉండరాదని బసవేశ్వరుని బోధ నెఱిగినవారికి ఈ పగులు వెంటనే కంటబడును.

అట్లని పఠనమును పాతరీతిగా మరల తెచ్చినంతనే దోషము తీరునా? 2021 మార్చిలో అమెరికా సెనేటులో ఇది ప్రత్యక్షముగా తేలినది. కరోనా సహాయమునకు సంబంధించిన 628 పుటల బిల్లును పూర్తిగా చదివి తీరవలెనని ఒక సభ్యుడు పట్టుబట్టెను. అక్కడి నియమము ప్రకారము అట్లు కోరు హక్కు అతనికి కలదు. సాధారణముగా అందరును ఒప్పుకొని ఆ పఠనమును మానివేయుదురు. ఈసారి ఒకడు ఒప్పుకొనలేదు. గుమాస్తాలు వంతులు వేసికొని పది గంటలకు పైగా చదివిరి, అర్ధరాత్రి దాటిపోయెను. సభలో వినువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. కోరినవాని ఉద్దేశము బిల్లును గ్రహించుటయా, ఆలస్యము చేయుటయా అని అడిగినచో రెండవదానివైపే మొగ్గవలసియుండును. చెవులు లేని గదిలో చదివిన శాసనము ఎవరికిని వినిపించినట్లు కాదు. కనుక పౌరులు కోరవలసినది పెదవులతో చదువుట కాదు, చదివి గ్రహించుటకు తగిన కాలము. ఆ కాలము సభ్యునికి మాత్రమే గాక బయటి ప్రజలకును ఉండవలెను. సభ్యుడు విడిచిన తప్పును బయట నున్న రైతో, ఉపాధ్యాయుడో, న్యాయవాదియో పట్టుకొని అతనికి చూపగలుగుట అప్పుడే సాధ్యము.

ఈ సంగతిని కాలిఫోర్నియా రాష్ట్ర పౌరులు సూటిగా పట్టుకొనిరి. అక్కడి శాసనసభలో చిరకాలముగా ఒక అలవాటు ఉండెడిది. సమావేశములు ముగియబోవు దినములలో, అప్పటికే అనేక దశలు దాటివచ్చిన ఒక బిల్లులోని పాఠమునంతయు తీసివేసి, దానికి ఏ సంబంధమును లేని మరియొక విషయమును అందు నింపి, కొన్ని గంటలలో ఆమోదింపజేసెడివారు. మూట అదియే, లోని సరుకు వేరు. సభ్యులకే తెలియక ముందు చట్టమైపోవుచుండెను, ఇక ప్రజల మాట యెందుకు? ఆ రాష్ట్రములో పౌరులు సంతకములు సేకరించి ఒక ప్రతిపాదనను నేరుగా ప్రజల ఓటునకు పెట్టు పద్ధతి కలదు. 2016 నవంబరు 8న 54వ ప్రతిపాదన అట్లే ఓటునకు వచ్చెను. ఏ బిల్లైనను తుదిరూపములో అచ్చులోను, ఇంటర్నెట్టులోను 72 గంటలు ప్రజలయెదుట ఉన్న పిమ్మటనే ఆమోదింపవలెను, గవర్నరు అత్యవసరమని ప్రకటించినపుడు మాత్రమే మినహాయింపు, బహిరంగ సమావేశముల దృశ్యములను 24 గంటలలో ఇంటర్నెట్టునందుంచవలెను అని దాని సారము. ఓటు వేసినవారిలో నూటికి సుమారు 65 మంది దానిని సమర్థించిరి. అది ఆ రాష్ట్ర రాజ్యాంగములో చేరినది.

ఆ ఉద్యమము ఖర్చులో అత్యధిక భాగము ఒక్క ధనికుని సంచి నుండి వచ్చినదని కూడ చెప్పవలెను. ఇది విమర్శకులు అప్పుడే అడిగిన సంగతి. ప్రజల హక్కును ఒకని సొమ్ము గెలిపించినదన్నచో కొంత వెగటు కలుగును. అయినను ఆ 72 గంటలు ధనికునికి ఎన్నియో పేదవానికిని అన్నియే. పైగా, గడువు లేని రోజులలో కూడ ధనికుల ప్రతినిధులకు బిల్లులోని సంగతి ముందే తెలియుచుండెను. తెలియనివారు తక్కినవారే.

అత్యవసరము అను మినహాయింపు మాత్రము చిన్న తలుపు కాదు. న్యూయార్కు రాష్ట్ర రాజ్యాంగములో, బిల్లు తుదిరూపములో మూడు దినములు సభ్యుల బల్లలపై ఉండవలెనను నియమము 19వ శతాబ్ది చివరినుండియు కలదు. గవర్నరు అవసరమని సందేశము పంపినచో ఆ మూడు దినములు మాయమగును. 2013 జనవరిలో తుపాకుల నియంత్రణ చట్టమును అట్టి సందేశముతోనే త్వరపెట్టి ఆమోదించిరి. ఆ చట్టము మంచిదా చెడ్డదా అనునది వేరు చర్చ. మంచి పనికి తెరచిన తలుపు ఆ తరువాత మూతబడదు.

అత్యవసరపు వాదమును తేలికగా త్రోసివేయుటకును వీలులేదు. 2020 డిసెంబరు 21న అమెరికా కాంగ్రెసు ఎదుటికి 5,593 పుటల బిల్లు వచ్చి, ఆ రాత్రియే ఉభయ సభలలో ఆమోదము పొందినది. ఐదువేల ఐదువందల పుటలను కొన్ని గంటలలో చదువగల మానవుడు లేడు. ప్రతినిధుల సభకు స్వంతముగా 72 గంటల నియమమున్నది. దానిని తానే ప్రక్కకు పెట్టుకొన్నది. కాని ఆ బిల్లులోనే కరోనా వలన ఉపాధి పోయినవారికి ఈయవలసిన సహాయమున్నది. పాత సహాయపు గడువు ఆ వారములోనే తీరిపోవుచుండెను. ఆకలితో నున్నవానికి "మూడు దినములు ఆగుము, మేము చదువుకొందుము" అని చెప్పుట ధర్మమా? ఈ ప్రశ్నకు తడుముకొనని సమాధానము ఎవరు చెప్పినను నమ్మరాదు. అయితే ఒకటి చూడవలెను. వరదబాధితులకు బియ్యము తీసికొనిపోవు బండిని ఎవరును ఆపరు గదా అని, దారిలోనివారు తమ తమ మూటలనుకూడ దానిపై వేసినట్లు, ఆ సహాయముతోపాటు సంవత్సరపు ప్రభుత్వ వ్యయమంతయు, మరెన్నో సంబంధములేని చట్టములును ఆ పుటలలో ప్రయాణము చేసినవి. బియ్యపు బస్తాలు వేరుగా కట్టియున్నచో అవి కొద్ది పుటలే, ఒక పూటలో చదువవచ్చును. తొందర ఆకలిగొన్నవానిది. ఆ తొందరను తమ మూటలకు వాడుకొన్నవారు వేరు. నెలల తరబడి బేరములాడి చివరిరోజు వరకు తెచ్చినవారును వారే.

భయము కూడ ఆకలివలెనే పనిచేయును. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికాలో పేట్రియట్ చట్టము అక్టోబరు 24న ప్రతినిధుల సభలోను, 25న సెనేటులోను నెగ్గి, 26న అధ్యక్షుని సంతకము పొందినది. సెనేటులో 98 మంది అనుకూలముగా చేయెత్తగా, వద్దన్నవాడు ఒక్కడు. పూర్తిగా చదువుటకు వ్యవధి లేకపోయెనని ఆ పిమ్మట పలువురు సభ్యులు చెప్పుకొనిరి. ప్రభుత్వము పౌరుల జాడలు తీయు అధికారములు ఎంతవరకు అను వివాదము ఏండ్ల తరబడి సాగినది.

భారతదేశము సంగతికి వచ్చినచో, ఈ గణతంత్రపు పుట్టుకయే ప్రచురణతో జరిగినది. రాజ్యాంగపు ముసాయిదా 1948 ఫిబ్రవరిలో సిద్ధమై ప్రజలముందు పెట్టబడినది. 1948 నవంబరు 4న డాక్టర్ అంబేద్కరు దానిని రాజ్యాంగసభలో ప్రవేశపెట్టునాటికి అది ఎనిమిది నెలలుగా దేశము చేతిలో నుండెను. సంస్థలు, పత్రికలు, న్యాయవాదులు, సామాన్యులు అభిప్రాయములు పంపిరి. సభ్యులు 7,635 సవరణలకు నోటీసు లిచ్చిరి. వానిలో 2,473 సభలో ప్రతిపాదింపబడి చర్చకు వచ్చినవి. దేశవిభజన రక్తపాతము, కాశ్మీరములో యుద్ధము, శరణార్థుల శిబిరములు, హైదరాబాదు సంస్థానపు చిక్కు, ఇన్నియు తలపై నున్న రోజులవి. అత్యవసరము అని చెప్పుటకు అంతకంటె తగిన కాలము మరియొకటి లేదు. అయినను 1949 నవంబరు 26 వరకు క్లాజు వెంట క్లాజుగా చదివిరి.

నేటి లోక్‌సభ నియమములలోను ఆ స్ఫూర్తి అక్షరరూపమున నిలిచియున్నది. సాధారణముగా బిల్లును ప్రవేశపెట్టుటకు రెండు దినములు ముందు ప్రతులు సభ్యులకు అందవలెను, చర్చకు తీసికొనుటకు ముందును రెండు దినములు ఉండవలెను. ప్రవేశపెట్టకముందే గెజిట్‌లో ప్రచురించుటకు వీలున్నది. ప్రజాభిప్రాయము కొఱకు బిల్లును దేశములో పంపవలెనని ప్రతిపాదించుటకు వీలున్నది. ప్రచురితమైన బిల్లుపై పౌరుడు సభకు విన్నపము సమర్పించుకొనుటకును వీలున్నది. ఇవన్నియు ఉన్నవి. రెండు దినముల గడువును స్పీకరు అనుమతితో తగ్గించుకొనుటకు కూడ వీలున్నది. ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది ఈ చివరిదే.

2014లో కేంద్రప్రభుత్వము మరియొక మంచి అడుగు వేసినది. ప్రతి ముసాయిదాను కనీసము 30 దినములు ప్రజల యెదుట ఉంచవలెనని, అది ఎందుకు అవసరమో, ఎంత ఖర్చగునో, ప్రజల జీవనముపై ఏ ప్రభావము కలుగునో సులభమైన మాటలలో వివరింపవలెనని నిర్ణయించి, ఫిబ్రవరి 5న న్యాయశాఖ అన్ని శాఖలకును తెలియజేసెను. దీని వెనుక సమాచార హక్కు ఉద్యమకారుల ఒత్తిడి ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టమే చదివి చేసిన చట్టమునకు మంచి ఉదాహరణము. 2004 డిసెంబరులో ప్రవేశపెట్టి, స్థాయీ సంఘమునకు పంపి, అనేక సవరణలతో 2005 మే నెలలో ఆమోదించిరి. కాని 2014 నాటి నిర్ణయము చట్టము కాదు, సూచన మాత్రమే. వీలుకాదని శాఖ తలంచినచో మంత్రివర్గమునకు పంపు పత్రములో కారణము వ్రాసిన చాలును. న్యూయార్కులోని తలుపు ఇక్కడను ఉన్నది.

2020 నాటి వ్యవసాయ చట్టములు అందరికిని జ్ఞాపకమే. జూన్ 5న ఆర్డినెన్సులుగా వచ్చినవి. బిల్లులు సెప్టెంబరు 14న లోక్‌సభలో ప్రవేశించినవి. వానిలో రెండు 20వ తేదీకి రాజ్యసభలో పెద్ద కలకలము నడుమ మూజువాణి ఓటుతో నెగ్గినవి. ఏ స్థాయీ సంఘమును వానిని పరిశీలింపలేదు. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ పొలిమేరలలో ఎండకు, చలికి కూర్చుండిరి. 2021 నవంబరు 29న వానిని రద్దుచేయు బిల్లు ఉభయ సభలలోను ఒక్క దినముననే, చర్చ లేకయే ఆమోదింపబడెను. చట్టము వచ్చినపుడు ఆగ్రహించినవారిలో పలువురు రద్దునాడు సంతోషించిరి. ఆ సంతోషములో ఒక సంగతి మరుగున పడినది. పెట్టినపుడు ఎందుకు పెట్టితిరి, తీసినపుడు ఎందుకు తీసితిరి అను రెండు ప్రశ్నలకును సభలో సమాధానము చెప్పించుకొను హక్కు రైతుకు ఉండెను. రెండు మారులును అది దక్కలేదు. తనకు అనుకూలమైన తీర్పు వచ్చినదని విచారణ లేని న్యాయస్థానమును మెచ్చుకొనువాడు, మరునాడు ప్రతికూలమైన తీర్పు వచ్చినపుడు ఏ ముఖముతో అడుగును?

తెలుగువారికి ఇట్టి జ్ఞాపకము మరియొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2013 డిసెంబరులోనే రాష్ట్ర శాసనసభకు వచ్చినది గనుక దానిలోని పాఠము తెలియలేదని ఎవరును అనలేరు. కాని 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో అది మూజువాణి ఓటుతో నెగ్గుచుండగా ప్రత్యక్ష ప్రసారము నిలిచిపోయెను. ఆనందించినవారును, దుఃఖించినవారును చూచినది ఒకే ఖాళీ తెరను. బిల్లు ప్రచురితమైనంత మాత్రమున చాలదని, సభ్యుడు దానిపై ఏమి చెప్పెనో, ఏ ప్రక్కకు చేయెత్తెనో కూడ ప్రజలకు కనబడవలెనని ఆ దినము తెలిపినది. మూజువాణిలో చేయి కనబడదు, ధ్వని మాత్రమే వినబడును. ఎవరి గొంతు ఎవరిదో తేలదు.

ఇక సభ్యుల పక్షమున చెప్పదగిన మాటలు రెండున్నవి. ఒకటి, అన్ని బిల్లులను ఒక్కడే చదువలేడని. ఇది నిజము. సుంకముల పట్టికయందలి ప్రతి పంక్తిని వైద్యుడైన సభ్యుడు విమర్శింపలేడు. అందుకే 1993లో శాఖలవారీ స్థాయీ సంఘములను ఏర్పరచిరి. కొందరు లోతుగా చదివి తక్కినవారికి నివేదిక ఇత్తురు. వృద్ధుడు లేఖరిని నమ్మినట్లు ఆ నివేదికను నమ్మవచ్చును, ఏలయన అక్కడ చదువువాడు ఒకడున్నాడు. కాని 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘములకు వెళ్లగా, 17వ లోక్‌సభలో వెళ్లినవి నూటికి 16 మాత్రమే. ఒకరిని నమ్మి చదువకుండుట వేరు, ఎవరును చదువకుండుట వేరు.

రెండవది ఇంకను బరువైనది. 1985లో 52వ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక నియమము వలన, పార్టీ విప్ నకు విరుద్ధముగా ఓటు వేసిన సభ్యుని పదవియే పోవచ్చును. చదివినను చదువకున్నను చేయి ఎత్తవలసినది ఒకవైపునకే అయినపుడు చదువుట ఎందులకని అతడు అడుగును. ఇందులో వేదన ఉన్నది, దానిని గుర్తింపవలెను. అయినను విప్ చేతిని కట్టివేయును గాని కంటిని కట్టదు, నోటిని కట్టదు. చదివినవాడు పార్టీ సమావేశములో "ఈ ఏడవ క్లాజు మా కౌలుదారులను ముంచును" అని ముందే చెప్పగలడు, సభలో మంత్రిని ప్రశ్నింపగలడు. చదువనివాడు విప్ లేకున్నను కట్టుబడినవాడే. శరణులు కాయకమును పరుల చేత చేయించుటకు ఒప్పుకొనలేదు. నేత నేయువాడు నేయవలెను, చెప్పులు కుట్టువాడు కుట్టవలెను. శాసనకర్త కాయకము శాసనమును చదువుటయే. జీతభత్యములు పుచ్చుకొని ఆ పనిని ఎవరికో వదలివేసినచో, ఆ కూడు కాయకపు కూడు అగునా?

ప్రచురణ అను మాటలో భాష కూడ ఇమిడియున్నది. 2020లో పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన ముసాయిదా ప్రకటనను కేంద్రప్రభుత్వము హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే వెలువరించినది. పౌరులు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిరి. ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికి దానిని అనువదింపవలెనని జూన్ 30న ఆ కోర్టు ఆదేశించెను. ప్రభుత్వము ఆ ఆదేశమును వెంటనే అమలుపరచక వ్యాజ్యమునకు దిగినది. గని తవ్వకము వలన ఊరు ఖాళీచేయవలసిన తెలుగు రైతుకు ఇంగ్లీషు గెజిట్ మూసిన పుస్తకమే. ప్రజలకు అందవలసిన మాట ప్రజల భాషలో ఉండవలెనని పాల్కురికి సోమనాథుడు జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణమును రచించి ఏడు శతాబ్దములు దాటినది. ఆనాటి పండితులకు అది తక్కువపనిగా తోచియుండవచ్చును. పొలము గట్టుపై పాడుకొనువారికి మాత్రము అది చేరినది.

కాలిఫోర్నియా పౌరులవలె ఒక నియమమును నేరుగా ఓటునకు పెట్టు హక్కు ఈ దేశపు పౌరునికి లేదు. ఉన్నది విన్నపము, ప్రశ్న. ఎన్నికలకు ముందు అభ్యర్థులు మఠములకు వచ్చుదురు, స్వాములకు మ్రొక్కుదురు, సభలలో శాలువలు కప్పించుకొందురు. కులమునకు ఏమి చేయుదువని అడుగువారు అక్కడ చాలమంది యుందురు. గతసారి గెలిచివెళ్లిన సభ్యుడు మరల వచ్చినపుడు, అతడు చివరగా చేయెత్తిన బిల్లు ఏది, అది ఎన్ని దినములు ముందుగా అతని చేతికి వచ్చినది, అందు అతనికి నచ్చని క్లాజు ఏదైన ఉన్నదా అని ఒక్కరైనను లేచి అడుగవచ్చును. శాలువ కప్పుటకు ముందే.